బడి పెట్టేముందు అడగాల్సిన మాట

మా కంపెనీకి సెలవు ఆదివారం. ఆ సాయంత్రం షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక కార్మికుల క్యాంపులో, మెస్ హాలు మూలన ఉన్న బల్ల చుట్టూ ఆరుగురం కూర్చున్నాం. వచ్చే నెల దుబాయిలో తెలుగు సంఘాలు కలిసి రెండు రోజుల సదస్సు పెట్టుకుంటున్నాయి. రెండో రోజు ఉదయం తొంభై నిమిషాల వర్క్‌షాప్ మా వంతుకు వచ్చింది. విషయం: మనవాళ్ల కోసం మనమే నడిపే ఉచిత బడిని ఎలా మొదలుపెట్టాలి?

మా ఆరుగురిలో ఒకరు ఇండియన్ స్కూల్లో పాఠాలు చెప్పే టీచరమ్మ. ఒకరు కోనసీమ నుంచి వచ్చిన నర్సు. ఒకరు దుబాయిలో ఐటీ ఉద్యోగి, ఒకరు అకౌంటెంట్, ఒకరు రాయచోటి నుంచి వచ్చిన పికప్ డ్రైవర్ తమ్ముడు. ఆరో వాణ్ని నేను, ఒక ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపులో స్టోర్‌కీపర్‌ని. క్యాంపు బాస్ తెలిసినవాడు కాబట్టి హాలు దొరికింది.

అరగంటలో కార్యక్రమం కాగితం మీదికి ఎక్కింది. జ్యోతి ప్రజ్వలనకు పది నిమిషాలు. తెలుగు గొప్పదనం మీద పదిహేను. సిలబస్‌కు ఇరవై, నిధులకు ఇరవై. మిగిలిన ఇరవై ఐదు నిమిషాలు ప్రశ్నలకు, ఫొటోకు. పని అయిపోయిందనే అనుకున్నాం.

పక్క బల్ల మీద ఆ రాత్రి వంట వంతు వచ్చిన కాకా ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. జగిత్యాల వైపు మనిషి. యాభై దాటాయి. గల్ఫ్‌కు వచ్చి ఇరవై రెండేళ్లు. కత్తి ఆపకుండానే అడిగాడు.

"బడి ఎవలకు బిడ్డా?"

"మీలాంటోళ్లకే కాకా."

"మాకేనా? మరి మమ్ముల ఒక్క మాట అడగకపోతిరి గదా."

ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ కాగితాన్ని ఆ రోజే మడిచి జేబులో పెట్టుకున్నాను. దాని బదులు ఏం చేశామో, చేస్తున్నప్పుడు ఏం తెలిసిందో ఈ నాలుగు ముక్కల్లో రాస్తున్నాను. దమ్మాములోనో, దోహాలోనో, కువైట్‌లోనో మీరూ ఇలాంటి ఆలోచనలో ఉంటే పనికొస్తుందని.

ఒకే పేరు, రెండు బడులు

ముందు మా మధ్యే ఒక తేడా బయటపడింది. ఉచిత బడి అనగానే టీచరమ్మకు, ఐటీ తమ్ముడికి గుర్తొచ్చింది ఫ్లాట్లలో పెరిగే పిల్లలు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవలేరు. వాళ్ల బాధా నిజమే. అమెరికాలో 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి అలాంటి పిల్లల కోసమే పుట్టింది. కేరళ ప్రభుత్వం నడిపే మలయాళం మిషన్ కూడా ప్రవాసుల పిల్లల కోసమే. మొదటి రెండేళ్ల కోర్సుకు 'కణిక్కొన్న' అని వాళ్ల రేల పువ్వు పేరు పెట్టుకున్నారు. పుస్తకం, పరీక్ష, సర్టిఫికెట్ మిషన్ చూసుకుంటుంది. ఊరూరా పాఠం చెప్పేది వాలంటీర్లు. మన సంఘాలు నేర్చుకోవాల్సిన పద్ధతే.

కానీ నేనూ, రాయచోటి తమ్ముడూ అనుకుంటున్న బడి వేరు. అది పెద్దవాళ్లది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67 శాతం. అంటే ఏడేళ్లు దాటిన ప్రతి ముగ్గురిలో ఒకరికి చదవడం, రాయడం రాదు. ఆ మూడో మనిషి ఊళ్లోనే ఉండిపోలేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ నుంచీ, కడప, రాయచోటి, కోనసీమ నుంచీ విమానమెక్కి ఇక్కడికి వచ్చాడు. పదో తరగతి పాస్ కాలేదు కాబట్టి ఆయన పాస్‌పోర్టు ఈసీఆర్. ఇక్కడ పరంజీ కట్టేవాడు, టైల్స్ మోసేవాడు, ట్రక్కు కడిగేవాడు ఆయనే.

రెండు బడులనూ ఒకే వర్క్‌షాపులో కలిపితే రెండూ చెడతాయి. పిల్లల బడి గురించి సదస్సులో వేరే సమావేశం ఎలాగూ ఉంది. మాకిచ్చిన తొంభై నిమిషాలూ పెద్దవాళ్ల బడికే అని తేల్చుకున్నాం. టీచరమ్మకు కాస్త కష్టంగానే ఉండింది. అయినా మరుసటి ఆదివారం అందరికంటే ముందు క్యాంపుకు వచ్చింది ఆవిడే.

పందొమ్మిది మంది చెప్పింది

ఆ ఆదివారం నోటుబుక్కు పట్టుకుని గదులు తిరిగాం. చదవడం రాదని ఒప్పుకున్న పందొమ్మిది మందిని ఒకే ప్రశ్న అడిగాం: "చదువు వస్తే మొదట ఏం చదువుతావు?"

ఆరుగురు తమ పేరన్నారు. వేలిముద్ర వేసిన ప్రతిసారీ కౌంటరు అవతలి మనిషి ముఖం చూడాల్సి వస్తోందన్నారు. నలుగురు బ్యాంకు ఎస్సెమ్మెస్ అన్నారు. జీతం పడిందా, ఎంత పడింది, ఎంత కోత పడింది అన్నది ఇప్పుడు రూమ్మేటు చదివి చెప్పాలి. వాళ్లలో ఇద్దరు ఏటీఎం పిన్ కూడా రూమ్మేటుకే చెప్పేశారు. ఇద్దరు మందుల చీటీ అన్నారు. ఒకాయన భజన పుస్తకం అన్నాడు. ముగ్గురు సైటు మీద రాసి ఉండే బోర్డులన్నారు. అరబిక్‌లో ప్రమాదాన్ని 'ఖతర్' అంటారు. మన తెలంగాణ వాళ్లకు 'ఖత్రా' కొత్త మాట కాదు, చెవికి వెంటనే అందుతుంది. బోర్డు మీద కనబడినప్పుడే అందదు.

ఒక కుర్రాడు చదువే వద్దన్నాడు. "అన్నా, ఆదివారం ఒక్క పూట పండుకోనియ్యండి చాలు" అన్నాడు. ఆ జవాబునూ రాసుకున్నాం. అదీ లెక్కలోకి వచ్చేదే.

మన కాకా చివర్న చెప్పాడు. ఆయన చిన్న బిడ్డ కరీంనగర్‌లో డిగ్రీ చదువుతోంది. వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపితే వింటాడు. కానీ హాస్టల్లో పక్కన నలుగురుంటే మాట్లాడలేక ఆ పిల్ల రాసి పంపుతుంది. అది తీసుకెళ్లి గదిలో ఎవరితోనో చదివించుకోవాలి. "బిడ్డ తండ్రికి రాస్కున్న ముచ్చట ముందుగాల పరాయోడు సదువుతడు. గది నాకు మంచిగనిపియ్యది" అన్నాడు. మొన్న ఏం రాసిందో మేము అడగలేదు, ఆయన చెప్పలేదు.

నోటుబుక్కు ముందు పెట్టుకుని మా పాత కాగితం తీశాం. సిలబస్ కింద అచ్చులు, హల్లులు, గుణింతాలు, వేమన పద్యాలు అని రాసుకున్నాం. వేమనను అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. ఆయన చివరికి వస్తాడు, తొందరేం లేదు.

కిరాణా కొట్టు వెనక గది

అడిగి మొదలుపెట్టిన బడులకు చరిత్ర ఉంది. అమెరికాలోని సౌత్ కరోలినా తీరాన జాన్స్ ఐలాండ్ అనే దీవి. 1957 జనవరిలో అక్కడ నల్లజాతి పెద్దవాళ్ల కోసం ఒక రాత్రి బడి తెరిచారు. ఓటు హక్కు కావాలంటే అప్పట్లో అక్కడ చదివి చూపించాలి. తెల్లవాళ్ల కంట పడకుండా ముందు సహకార కిరాణా దుకాణం పెట్టి, వెనక గదిలో బడి నడిపారు. మొదటి టీచరు బెర్నీస్ రాబిన్సన్. ఆమె వృత్తి బ్యూటీ పార్లరు. టీచరుగా అనుభవం లేనందువల్లే ఆమెను ఎంచుకున్నారు. పిల్లలకు చెప్పినట్టు పెద్దవాళ్లకు చెప్పదని వాళ్ల నమ్మకం.

ఆమె మొదటి రోజు చేసిన పని ఏం నేర్చుకోవాలనుందో అడగడం. పేరు రాయాలన్నారు. బైబిల్ చదవాలన్నారు. మనియార్డరు ఫారం నింపాలన్నారు. అవే పాఠాలయ్యాయి. సెప్టిమా క్లార్క్ వంటివారి చేతుల్లో ఆ బడులు తర్వాత దక్షిణాది రాష్ట్రాలన్నింటికీ పాకాయి, పౌర హక్కుల ఉద్యమానికి మనుషుల్ని ఇచ్చాయి.

మన దగ్గరా అంతే. 1910లో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్ ఇసామియా బజార్‌లో దళిత పిల్లల కోసం బడి తెరిచినప్పుడు ప్రభుత్వం పెడుతుందని చూడలేదు. తనవాళ్లకు ఏం కావాలో తెలిసి మొదలుపెట్టాడు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమం గుర్తున్నవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. సాయంత్రం కేంద్రాల్లో ఆడవాళ్లు చదివిన వాచకంలో సారా వల్ల పాడైన కుటుంబం కథ ఒకటి ఉండేది. అది వాళ్ల ఇంటి కథే. దూబగుంట ఆడవాళ్లు చదువుతో ఆగలేదు, ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ కదలిక జిల్లాలు దాటి, 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్లింది.

బతుకులోని మాటతో మొదలైన పాఠం అంత దూరం పోతుంది. బ్రెజిల్‌లో పౌలో ఫ్రెయిరీ 1963లో అంజికోస్ అనే ఊళ్లో సుమారు 300 మంది కూలీలకు దాదాపు 40 గంటల పాఠాలతో చదువు చెప్పిన పద్ధతి కూడా అదే. వాళ్లు రోజూ వాడే మాటలు ఏరుకుని, వాటి నుంచి అక్షరాలు విడదీశారు.

మేమూ ముప్పై మాటలు ఏరుకున్నాం. పని, గది, జీతం, సెలవు, బస్సు, మందు, ఇల్లు, బిడ్డ. 'పని'లో ఒక హల్లు, ఒక గుణింతం. 'గది' పక్కన పెడితే అదే గుడి మళ్లీ కనబడుతుంది. 'బస్సు', 'బిడ్డ', 'ఇల్లు' వచ్చేసరికి ఒత్తులు మొదలవుతాయి. వరసగా అ ఆ ఇ ఈ దిద్దించే పని లేదు. వాటితోపాటు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, బ్యాంకు మెసేజీలో వచ్చే ఐదారు మాటలు, బోర్డుల మీది నాలుగు అరబిక్ మాటల ఆకారం. అంకెలు దాదాపు అందరికీ వచ్చు. ఫోను నేర్పిన చదువు అది.

ఉచితమంటే ఫీజు లేకపోవడమేనా?

జాన్స్ ఐలాండ్ కథలో ఇంకొకటి నన్ను ఊరించింది. అక్కడ ఈసా జెంకిన్స్ అనే ఆయన దీవి నుంచి చార్లెస్టన్‌కు కూలీలను తీసుకెళ్లే బస్సు నడిపేవాడు. ఆ ప్రయాణంలోనే ఓటు పరీక్షకు కావాల్సిన పాఠం చెప్పేవాడు. షార్జా నుంచి దుబాయి సైట్లకు వెళ్లే బస్సులు ట్రాఫిక్‌లో ఎంతసేపు నిలబడతాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. బస్సులోనే బడి పెడదామన్నాను. గొప్ప ఆలోచన అనుకున్నాను.

రాయచోటి తమ్ముడు నవ్వాడు. "అన్నా, ఆ బస్సే వాళ్లకు మంచం. పొద్దున నాలుగున్నరకు ఎక్కి కూసున్నోడు మళ్లా కండ్లు తెరిచేది సైటు కాడే. ఆ నిద్ర గూడా మీరు తీసుకుంటారా?" అన్నాడు.

అక్కడ మాకు ఉచితం అన్న మాటకు అర్థం తెలిసింది. ఫీజు లేకపోవడం సులువు. మనిషి ఇంకేం ఖర్చు పెట్టాల్సి వస్తోందన్నదే లెక్క. రాత్రి ఏడుకు క్యాంపు చేరినవాడు స్నానం చేసి, వంట వంతు చూసుకుని, ఇంటికి ఫోను చేసి తొమ్మిదిన్నరకు పడుకోవాలి. సెలవు రోజున బట్టలు ఉతకాలి, క్షవరం చేయించుకోవాలి, ఎక్స్చేంజ్‌కు వెళ్లి డబ్బు పంపాలి, నెలకొకసారైనా రోళ్లా దాకా వెళ్లి ఊరివాళ్లను చూడాలి. అందులోంచి రెండు గంటలు అడిగితే అది ఉచితం కాదు. బస్సెక్కి ఇంకో చోటికి రమ్మంటే అసలే కాదు.

ఇంకో ఖర్చు సిగ్గు. అందరూ చూసే మెస్ హాలులో యాభై ఏళ్ల మనిషి 'పని' అని కూడబలుక్కోడు. మొదటి నెల గదుల్లోనే, ఇద్దరు ముగ్గురి చొప్పున కూర్చోవాలని పందొమ్మిది మందిలో చాలామంది అడిగారు. వారానికి ఒక గంట సెలవు రోజున, మిగతా రోజుల్లో పడుకునేముందు పదిహేను నిమిషాలు. నేర్పేది అదే గదిలో చదువు వచ్చిన కుర్రాడు. మేము చేసేది ఆ కుర్రాడికి నేర్పే పద్ధతి చెప్పడం, కాగితాలు అందించడం. భారత ప్రభుత్వం 2022-27 కాలానికి పదిహేనేళ్లు దాటినవారి కోసం నడుపుతున్న 'ఉల్లాస్' అక్షరాస్యతా కార్యక్రమం కూడా వాలంటీర్ల మీదే నడుస్తోంది. ఎదురుగా ఉన్న మనిషికి తెలిసిన మనిషి చెప్పడం దాని పద్ధతి.

కోనసీమ నర్సు ఇంకో మాట లేవనెత్తింది. "మీరందరూ క్యాంపుల గురించే మాట్లాడుతున్నారండి. ఇళ్లల్లో పనిచేసే మా గోదావరి ఆడవాళ్ల సంగతేంటండి?" వాళ్లు ఉండేది విల్లాల్లో, ఒక్కొక్కరుగా. 2022 నాటి గృహ కార్మికుల చట్టం వాళ్లకు వారానికొక సెలవు ఇచ్చింది. ఆ రోజు వాళ్లు ఎక్కడ కలుస్తారో అక్కడికే పాఠం వెళ్లాలి. కొందరికి ఫోనులో మాటల పాఠమే దారి. దీనికి మా దగ్గర పూర్తి జవాబు లేదు. వర్క్‌షాపులో ఇరవై నిమిషాలు దీనికే పెట్టి, ఆవిడకే అప్పగించాం.

బోర్డు కట్టేముందు

మన ఊళ్లో అయితే రావిచెట్టు కింద పలకలు పెట్టుకుని కూర్చుంటే బడి. ఇక్కడ కుదరదు. షార్జాలో ప్రైవేటు విద్యాసంస్థల వ్యవహారం 2018లో ఏర్పడిన షార్జా ప్రైవేట్ ఎడ్యుకేషన్ అథారిటీ చూస్తుంది. బడి అని బోర్డు కట్టి, పేర్లు రాసుకుని నడపాలంటే అనుమతి ఉండాలి. చందాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 2021 నాటి విరాళాల చట్టం ప్రకారం అనుమతి ఉన్న సంస్థలు తప్ప ఎవరూ విరాళాలు సేకరించకూడదు. వాట్సాప్ గ్రూపులో తలా పది దిర్హాములు వేయండని మెసేజ్ పెట్టడం మంచి మనసుతో చేసినా నేరమే అవుతుంది. వాలంటీర్ల పనికీ 2018 నుంచి ఒక ఫెడరల్ చట్టం ఉంది.

మా అకౌంటెంట్ ఇవన్నీ విని, "మరి నిధుల కోసం పెట్టిన ఇరవై నిమిషాలు ఏం చేద్దాం?" అన్నాడు. కొట్టేశాం. లెక్క వేస్తే ఖర్చు ఏముంది? నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, ముద్రించిన ముప్పై మాటల కాగితం. డబ్బు కన్నా ముందు కావాల్సింది గొడుగు. అంటే అనుమతి ఉన్న సంఘం నీడన పని చేయడం, లేదా కంపెనీనే తన క్యాంపులో సంక్షేమ కార్యక్రమంగా పెట్టుకునేలా ఒప్పించడం. 1979లో పుట్టిన ఇండియన్ అసోసియేషన్ షార్జా ఈనాడు స్కూళ్లు నడిపే స్థాయికి వచ్చిందంటే అనుమతుల దారిలో నడవడం వల్లే. ఎవరూ అడ్డు చెప్పరులే అనుకుని మొదలుపెడితే, ఏదైనా జరిగిన రోజు దెబ్బ తగిలేది నేర్చుకోవడానికి వచ్చిన మనిషికి. ఆయన వీసా మీద మనం ప్రయోగాలు చేయకూడదు.

పిల్లలను క్యాంపులకు తీసుకొచ్చి పెద్దవాళ్లకు అక్షరాలు దిద్దిస్తే బాగుంటుందని ఒక సలహా వచ్చింది. ఫొటోలకు బాగుంటుంది. పన్నెండేళ్ల పిల్ల ముందు తడబడే తండ్రి వయసు మనిషికి ఎలా ఉంటుందో కాకాను అడిగాం. ఆయన తల అడ్డంగా ఊపాడు. అదీ కొట్టేశాం.

నేను చదివి చెప్పని కాగితం

ఈ పని మీద నాకెందుకింత పట్టుదల అని ఐటీ తమ్ముడు అడిగాడు. అంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఆ రోజు చెప్పాను.

2016లో నేను వేరే కంపెనీలో ఉండేవాణ్ని. తొమ్మిదేళ్లు పనిచేసిన ఒక మనిషిని, పని లేదని ఇంటికి పంపిస్తున్నారు. మధ్యాహ్నం స్టోరు ముందు ట్రక్కు నిలబడి ఉంది, సరుకు దించుకోవాలి. ఆయన ఆఫీసు నుంచి ఒక కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. అరబిక్, ఇంగ్లిష్. "ఇదేందో సదువు సారూ" అన్నాడు. పై లైను చూశాను. చివరి సెటిల్‌మెంట్ అని ఉంది. అందరూ పెట్టే కాగితమే కదా అనుకున్నాను. "ఏం కాదు, పెట్టు" అన్నాను. పెట్టాడు.

కింది లైనులో తనకు రావాల్సిందంతా ముట్టింది అని ఉంది. ముట్టలేదు. తర్వాత పంపిస్తామని నోటిమాట చెప్పారు. చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు గ్రాట్యుటీ. ఆయన లెక్కకు 225 రోజులు. రోజుకు 20 దిర్హాముల మూల వేతనం మీద 4,500 దిర్హాములు. అప్పటి మారకంలో ఎనభై వేల రూపాయల పైమాటే. ఆరు నెలల తర్వాత ఊరి నుంచి ఫోను చేశాడు. ముట్టిందని మీరే వేలిముద్ర వేశారు కదా అని ఆఫీసులో జవాబు. నన్ను ఆయన ఒక్క మాట అనలేదు. సారు చదివే చెప్పిండనుకున్నాడేమో. రెండు నిమిషాలు పట్టేది నాకు.

ఆఫర్ లెటరు, ఒప్పందం కార్మికుడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని ఇక్కడి కార్మిక శాఖ 2016లో కొత్త పద్ధతి తెచ్చింది. అరబిక్, ఇంగ్లిష్ పక్కన మూడో భాష ఉంటుంది. అప్పుడు ప్రకటించిన జాబితాలో హిందీ, ఉర్దూ, బెంగాలీ, మలయాళం, తమిళం ఉన్నాయి. తెలుగు లేదు. దాని కోసం అర్జీ పెట్టాల్సింది మన సంఘాలే. కానీ తెలుగులో కాగితం వచ్చినా, చదవలేని మనిషికి అది ఇంకో తెల్ల కాగితమే. రెండూ కావాలి.

సదస్సులో ఏం చేయబోతున్నాం

కొత్త కార్యక్రమంలో జ్యోతి ప్రజ్వలన లేదు. మొదటి పది నిమిషాలు వచ్చినవాళ్లందరి చేతికీ ఒక కాగితం ఇస్తాం. అది అమ్హారిక్ లిపిలో ఉంటుంది. మా వర్క్‌షాపులో పనిచేసే ఇథియోపియా డ్రైవరు రాసిచ్చాడు. సంతకం పెట్టడానికి ఒక్క నిమిషం. "తొందరగా కానివ్వండి, వెనక లైను ఉంది" అని మేము అరుస్తుంటాం.

ముందు మా ఆరుగురి మీదే పరీక్షించాం. అకౌంటెంట్ నవ్వుతూ పెన్ను తీశాడు. కాగితం తిప్పి చూశాడు, ఏది పైనో ఏది కిందో తెలియలేదు. పక్కనున్న నర్సును చూశాడు. ఆమెకూ తెలియదు. చివరికి అందరూ పెట్టినచోటే తనూ పెట్టేశాడు. అందులో ఏముందంటే 'నా జీతంలో సగం వదులుకుంటున్నాను' అని. తర్వాత కాసేపు ఆయన మాట్లాడలేదు.

తర్వాతి ఇరవై నిమిషాలు అడగడం గురించి. ఎవరిని అడగాలి, ఎక్కడ అడగాలి, వద్దన్నవాడి మాట ఎలా రాసుకోవాలి. ఆ తర్వాత ఇరవై నిమిషాలు మాటల ఎంపిక. వచ్చినవాళ్లు జట్లుగా కూర్చుని తమ చోటికి పనికొచ్చే పది మాటలు తయారు చేస్తారు. ట్యాక్సీ డ్రైవర్లున్న చోట ఒక జాబితా, పాల ఫారం దగ్గర ఇంకోటి. తర్వాత ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్ల కోసం ఇరవై నిమిషాలు. మిగిలిన ఇరవైలో అనుమతులు, ప్రశ్నలు. కాకాను వేదిక మీద కూర్చోమన్నాం. ఆ రోజు డ్యూటీ ఉందన్నాడు. సెలవు అడిగి చూస్తానని మాత్రం అన్నాడు.

చేతికిచ్చే కాగితం చివర రెండు విషయాలు అచ్చు వేస్తున్నాం. భారత కార్మికుల సహాయం కోసం ఉన్న ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 800 46342. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చేవాళ్లకు ఉండే ప్రవాసీ భారతీయ బీమా యోజన: రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం, ప్రమాదంలో చనిపోతే పది లక్షలు. ఈ బీమా తమకు ఉందో లేదో పందొమ్మిది మందిలో పద్నాలుగు మందికి తెలియదు. కాగితం పెట్టె అడుగున ఎక్కడో ఉంటుందన్నారు.

గదిలో పాఠాలు సదస్సు దాకా ఆగలేదు. క్యాంపు బాస్ తన కంపెనీతో మాట్లాడి ఒప్పించాడు. మూడు గదుల్లో మూడు వారాలుగా నడుస్తున్నాయి. పందొమ్మిది మందిలో పదకొండు మంది కూర్చుంటున్నారు. నిద్ర కావాలన్న కుర్రాడు రావడం లేదు, మేము పిలవడం లేదు. కాకాకు 'బిడ్డ' రాయడం వచ్చింది. ఒత్తు ఇంకా కుడివైపు జారుతోంది. ఫోనులో అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని కళ్లద్దాలు కావాలన్నాడు. ముప్పై మాటలు ఏరిన మాకెవరికీ ఆ సంగతి తట్టలేదు. యాభై దాటినవాళ్లకు పలక కన్నా ముందు కళ్ల పరీక్ష కావాలి. నర్సు ఆ పని చూస్తోంది.

సదస్సుకు వచ్చేవారికి ఒక విన్నపం. వచ్చేముందు మీ దగ్గర చదువు రాని ఐదుగురిని కలవండి. వస్తే మొదట ఏం చదువుతారో అడిగి, వాళ్లన్న మాటల్లోనే రాసుకుని తీసుకురండి. ఆ కాగితం తెచ్చినవాళ్లకు ముందు వరసలో చోటు ఉంచుతున్నాం.